తోలు మీద చందమామ

హాస్టల్ తమ్ముడొకడు తోలుముక్క మీద చందమామను వేసి చూపించాడు. క్రాఫ్ట్ క్లాసులో మొదటి పాఠమట. తోలును తడిగుడ్డతో తుడిచి, గిన్నె బోర్లించి గుండ్రంగా గీసి, తెలుపు, బూడిద రంగులు పలచగా పొరలు పొరలుగా వేయాలి. బాగుంది.

కానీ తోలుకు రంగు పట్టే గుణం ఎలా వచ్చిందో ఆ క్లాసులో చెప్పలేదు. పచ్చితోలును సున్నపునీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్కతో ఊరబెట్టే విద్య మన ఊళ్లలో మాదిగలది. ఆ చేతుల్ని ఊరు అంటరానివన్నది. తోలు మీద బొమ్మేస్తే కళ, తోలు ఊరబెడితే కంపా?

క్లాసులు నడిపేవాళ్లకు ఒక్క మాట: పాఠం లందతో మొదలుపెట్టండి. ఆ పని తెలిసిన పెద్దల్ని గురువులుగా పిలవండి, గురువులకిచ్చే జీతమే ఇవ్వండి.

తమ్ముడూ, చందమామ బాగుంది. తాతను అడిగి తోలు కథ కూడా రాసుకో.

జై భీమ్.