చదవడం వచ్చిందా అని అడిగే చట్టం ఏది?

హోసూరులో తెలుగింటి పిల్ల ఒకటో తరగతిలో తమిళ పుస్తకం తెరుస్తుంది. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. ఎక్కడ ఏది పలకాలో తమిళ పిల్లకు ఇబ్బంది లేదు, ఆ మాట ఇంట్లో విన్నదే. మన పిల్ల మాత్రం అక్షరాన్నీ మాటనూ ఒకేసారి నేర్చుకోవాలి. తెలివి తక్కువై కాదు, పని రెండింతలై వెనకబడుతుంది.

తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, మహారాష్ట్ర 2020లో రాష్ట్ర భాషను బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు చేశాయి. 2018లో తెలంగాణ కూడా తెలుగు విషయంలో అదే దారి పట్టింది. వీటి గురి ఏ భాష నేర్పాలన్నదే. పిల్లలకు చదవడం వచ్చిందా అన్నది నిపుణ్ భారత్ వంటి పథకాల పాలు. పథకాలు ప్రభుత్వాలతో మారిపోతాయి.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం 2013లో నేరుగా చదవడం మీదే చట్టం చేసింది. చిన్న తరగతుల్లో ఏటా మూడుసార్లు పరీక్షించి, వెనకబడిన పిల్లల సంగతి తల్లిదండ్రులకు రాసి తెలపాలి. బలహీనమైన బడుల్లో టీచర్లకు తోడుగా శిక్షకులను పంపారు. నాలుగో తరగతి జాతీయ పఠన పరీక్షలో 2013లో 49వ స్థానంలో ఉన్న రాష్ట్రం 2024కు 9వ స్థానానికి వచ్చింది. చదవలేనివారిని మూడో తరగతిలోనే ఆపేస్తారు కాబట్టే ఈ మార్కులన్న విమర్శ ఉంది. ఆపేయడం మనం కోరదగ్గది కాదు. మనం గమనించాల్సింది మరొకటి: ఇంగ్లిష్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు నిండని పిల్లలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు.

మనం మినహాయింపును పదో తరగతిలో వెతుక్కుంటున్నాం. తమిళ పరీక్ష మీద కోర్టుల చుట్టూ తిరిగితే 2023లో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. ఏడాదికేడాది ఇలా గడవదు. చిక్కు మొదలయ్యేది ఒకటో తరగతిలో.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. దాని ఆధారంగా మూడు అడుగుదాం: తొలి రెండేళ్లు రాష్ట్ర భాషను ముందు మాటల్లో నేర్పాలి, చదవడం తెలుగులోనూ నేర్పి పరీక్షించాలి, ఫలితం తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. రాష్ట్ర భాష వద్దని కాదు. అది మన పిల్లలకు నిజంగా రావాలనే.