కొనుగోలులో ఔచిత్యం

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని పదకొండవ శతాబ్దపు ఆలంకారికుడు క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఆభరణం ఎంత విలువైనదైనా తగిన చోట అమరినప్పుడే శోభిస్తుంది. ఈ సూత్రం కావ్యానికే కాదు, అంగడిలో వస్తువు కొనేవారికీ వర్తిస్తుంది. పదిమందితో కలిసి అంతర్జాలంలో ఆడే ఆటల కోసం కంప్యూటరు కొనదలచిన విద్యార్థికి మరింతగా వర్తిస్తుంది.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే ఛత్తీస్‌గఢ్ అడవులను ఆనుకొని ఉన్న పల్లెలు కనిపిస్తాయి. పత్తి అమ్మినప్పుడో, మిరప కోతలప్పుడో, తునికాకు సేకరించినప్పుడో తప్ప అక్కడి అనేక కుటుంబాల చేతిలో డబ్బు ఆడదు. అటువంటి ఇంటికి కంప్యూటరు ఒక పంటకాలపు కష్టఫలం. కనుక ఆట కోసం ఇంత ఖర్చా అని పెద్దలు ప్రశ్నిస్తే అందులో న్యాయం ఉంది. అయితే ఆ యంత్రం మీదనే పాఠాలు వినవచ్చు, ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవచ్చు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు. ఆడాలన్న కోరిక దోషం కాదు; వివేకం లేని కొనుగోలే దోషం.

ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే విజయం తథ్యమని చాలామంది యువకుల నమ్మకం. ఇది అర్ధసత్యం. ఇటువంటి ఆటలో గెలుపోటముల లెక్కను దూరనగరంలోని సర్వరు చూసుకుంటుంది. ఇంటి కంప్యూటరు దృశ్యాన్ని చిత్రించి, ఆటగాని కదలికలను అక్కడికి పంపుతుంది. ఆ సమాచారం వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. టవరు సంకేతం బలహీనంగా ఉన్న అటవీగ్రామంలో ఆ జాప్యం క్షణక్షణం మారుతుంది. దానిని ఏ గ్రాఫిక్స్ కార్డూ తగ్గించలేదు. అందువల్ల కొనుగోలుకు ముందు పరీక్షించవలసింది ఊరి నెట్‌వర్కును.

తరువాత చూడవలసింది ఆట నిర్మాతలు ప్రకటించే కనీస అవసరాలు. 2020లో విడుదలైన వాలరంట్ 4 జీబీ ర్యామ్‌తో, ప్రాసెసరులోనే అమరి ఉండే గ్రాఫిక్స్‌తో నడిచేలా రూపొందింది. 2012 నాటి కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్‌కు 2 జీబీ ర్యామ్, 15 జీబీ స్థలం సరిపోయేవి. 2023లో దాని స్థానంలో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2కు 8 జీబీ ర్యామ్, 85 జీబీ స్థలం కావాలి. ఆట మారితే యంత్రం చాలకపోవచ్చు. కాబట్టి భాగాలను పెంచుకునే వీలున్న యంత్రమే నిజంగా చవకైనది.

కార్యాలయాలు తొలగించిన పాత కంప్యూటర్లు మంచి అవకాశమే గాని, వాటినీ పరిశీలించి కొనాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైతే సాధారణంగా ఎనిమిదో తరానిదై ఉండాలి. పెట్టె మరీ చిన్నదైతే పెద్ద గ్రాఫిక్స్ కార్డు అందులో పట్టదు. మదర్‌బోర్డు గాడి నుంచి కార్డుకు అందే విద్యుత్తు 75 వాట్లకు మించదు. అంతకన్నా ఎక్కువ కోరే కార్డుకు విడిగా తీగ కావాలి.

కొత్తగూడెం ప్రాంతపు ఎండలు ప్రసిద్ధాలు. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి ఆడే పెట్టె, దుమ్ము తుడిచే అలవాటు ఉంటే పెద్ద ఖర్చు లేకుండానే వేగం నిలుస్తుంది. కరెంటు పోయే ఊళ్లో కంప్యూటరుకే కాక రౌటరుకు కూడా యూపీఎస్ అవసరం.

నా అభిప్రాయంలో పరిమిత ధనాన్ని ముందుగా తగిన ప్రాసెసరుకు, సమానమైన రెండు ర్యామ్ పలకలకు, ఎస్‌ఎస్‌డీకి, యూపీఎస్‌కు వినియోగించాలి. గ్రాఫిక్స్ కార్డు అవసరం తేలిన నాడు కొనవచ్చు. దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపమని మన పెద్దలు చెప్పింది కోరికను చంపుకోమని కాదు, కొలత తెలుసుకోమని. స్నేహితుని యంత్రంతో పోల్చి కొన్నది త్వరలోనే పాతబడుతుంది. అవసరాన్ని కొలిచి కొన్నది ఆటకూ చదువుకూ అక్కరకు వస్తుంది. కన్నవారి కష్టానికి గౌరవాన్నీ నిలుపుతుంది.