కొత్త కాపురమునకు ఆపద్ధనము: కలువాయి ప్రాంతపు వధూవరులకును పెద్దలకును విజ్ఞప్తి

కలువాయి మండలమందును, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములందును ఈ ముహూర్తములలో వివాహమాడిన, ఆడబోవు దంపతులకును, వారిని కన్నవారికిని, ఆ పెండ్లిండ్లకు పోయి అక్షతలు వేసి చదివించి వచ్చు బంధుమిత్రులకును నేను వినయపూర్వకముగా చేయు విన్నపమిది: పందిరి విప్పకమునుపే, చదివింపుల పుస్తకము కూడి లెక్క తేల్చిన దినముననే, ఆ రొక్కములో కొంతభాగమును ఆలుమగల యిద్దరి పేరను వేరుచేసి, ఆపదకు దప్ప వేరెందునకును ముట్టరాని ధనముగా నిలుపవలెనని ప్రార్థించుచున్నాను.

ఆ దినముననే యనుటకు కారణము కలదు. మరునాటినుండి ఆ రొక్కమునకు హక్కుదారులు వత్తురు. షామియానావారు, వంటవారు, మేళగాండ్రు, ఫొటోలవారు, నగల దుకాణపు బాకీ, ఇట్లు ఒక్కొక్కరికి ఇచ్చివేయగా వారము తిరుగునప్పటికి పుస్తకము మాత్రము మిగులును. ఘనముగా ఊరేగిన వధూవరులు రిక్తహస్తములతో కాపురమునకు పోవుదురు. పెండ్లికి అప్పు అడిగినంతనే పుట్టును. ఆరు నెలల పిమ్మట ఆ యింటనే జబ్బుచేసినప్పుడు అది అంత సులభముగా పుట్టదు, పుట్టినను మూడు రూపాయల వడ్డీకి పుట్టును. మన పల్లెలలో వడ్డీని నూటికి నెలకింతయని పలుకుట వాడుక గనుక మూడు రూపాయలనిన చిన్నమాటగా తోచును. ఏబదివేలకు అది నెలకు 1,500, ఏటికి 18,000 రూపాయలు, అసలు అట్లే నిలిచియుండగా.

మనది ప్రధానముగా మెట్టసీమ. సోమశిల జలాశయమున నీరు నిలిచిన యేట కాలువ క్రింద వరి పండును, నిలువని యేట బోరులే గతి, అవియు ఎండిపోవుట కలదు. వేసవిలో మిక్కిలి ప్రియమైన నిమ్మకాయ వానలు పడగనే కోతకూలికైనను చాలని ధరకు దిగుట తోటలుగలవారికి క్రొత్త సంగతి కాదు. 2021 నవంబరులో పెన్న పొంగి సోమశిల దిగువ గ్రామములను కలచివేసిన తీరు అందరికిని జ్ఞప్తియున్నదే. పొరుగు పట్టణములకు పనికిపోయిన యువకుని సంపాదన ఒక్క ఫోనుమాటతో నిలిచిపోవచ్చును. ఇట్టి సీమలో ఇరువదియేండ్ల ప్రాయమున సంసారము ఆరంభించువారికి ఆపద యెన్నడో వార్ధక్యమున రాగలదని తలచుట న్యాయము కాదు. తొలికాన్పు నెలలు నిండకమునుపే రావచ్చును, మోటారుసైకిలు రాళ్ళదారిలో జారవచ్చును.

ఆరోగ్యశ్రీ కలదు గదా యని కొందరందురు. 2007లో ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలువబడుచున్న ఆ పథకము పేదలకు చేసిన మేలు గొప్పది, దానిని నేను తక్కువచేయను. అయినను అర్ధరాత్రి నెల్లూరికి చేరినపిమ్మట వెంటనున్నవారి భోజనము, బయట కొనవలసిన మందు, పని మానుకొన్న దినముల కూలి, ఇవి ముందుగా చేతినుండియే పోవలయును. ఆ మొదటి రెండుమూడు దినముల రొక్కము లేకయే చాలమంది మూడు రూపాయల వడ్డీలో దిగుచున్నారు.

ఎంత నిలుపవలెనని యడుగుదురేని, నెలజీతము గలవారికి మూడు నెలల యింటిఖర్చు, సేద్యము కూలి నమ్ముకొన్నవారికి వీలైనచో ఆరు నెలలది యుండుట మంచిదని నా యభిప్రాయము. అంత మొత్తము చూచి బెదరి మానుకొనుటకంటె ఒక నెల ఖర్చుతో ఆరంభించుట మేలు. ఇంట తిండిగింజలు తరిగినను విత్తనపు వడ్లను రైతు ముట్టడు. ఈ ధనమును అట్లే చూచుకొనవలయును. దీనిని చీటీలో వేయవలదు. చీటీ పాట దినమున వచ్చునుగాని ఆపదనాడు రాదు, తొందరపడి పాడినవానికి తగ్గింపులో కొంత సొమ్ము పోవును. రిజిస్టరు కాని చీటీయైనచో అసలుకే మోసము రావచ్చును. బ్యాంకులోనో తపాలా కార్యాలయములోనో ఇద్దరి పేరను ఖాతా తెరచి, ఇద్దరిలో ఎవరైనను తీయునట్లు వ్రాయించుటయే క్షేమము. బ్యాంకు డిపాజిట్టునకు 2020 నుండి అయిదు లక్షల రూపాయలవరకు బీమా కూడ కలదు.

ఇక్కడ కొత్తకోడలిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఆమె ఖాతా పుట్టింటి ఊరిలో నుండును, ఆధారులో పాత చిరునామా యుండును, పొదుపు సంఘములో సభ్యత్వము అక్కడనే తెగిపోవును. మెట్టినింట ధనము సంగతి మగవారిదని తలచి ఆమెకు దానిని చెప్పువారుండరు. భర్త స్మృతి తప్పి పరుండియుండగా అతని కార్డు చేతబట్టుకొని, దాని రహస్యసంఖ్య తెలియక, ఆస్పత్రి వరండాలో నిలిచిన చిన్నదాని దైన్యము తలచుకొనుడు. ఆ దైన్యమునకు ధనము లేమి కారణము కాదు, చెప్పకపోవుట కారణము. కావున పెండ్లియైన మొదటి నెలలోనే ఆమెను స్వయముగా బ్యాంకునకు తీసికొనిపోయి సంతకము చేయింపుడు, పాత ఖాతాలన్నిటను నామినీ పేరు మార్పింపుడు. ఆమె ఒంటిమీది బంగారము ఆపదనాడు బ్యాంకులో కుదువబెట్టుట వడ్డీవ్యాపారి గుమ్మమెక్కుటకంటె మేలేయైనను, అది స్త్రీధనము. ఆమె యనుమతి లేక దానిని ముట్టవలదు.

మరియు ఏటికి 20 రూపాయలకు ప్రమాదబీమాయు, 436 రూపాయలకు జీవితబీమాయు కేంద్రప్రభుత్వ పథకముల క్రింద బ్యాంకులలో దొరకుచున్నవి. ఒక్కొక్కదాని మొత్తము రెండు లక్షలు. రెండవదానిలో ఏబది యేండ్లలోపు చేరవలయును. ఆలుమగలకు రెండును కలిపి సంవత్సరమునకు 912 రూపాయలగును. అంతకంటె పెద్ద పాలసీ తీసికొను భర్త, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తిచట్టము క్రింద దానిని వ్రాయించినచో, ఆ సొమ్ము భార్యాబిడ్డలకే చెందును, అతని అప్పులవారు దానిపై చేయివేయజాలరు. ఈ సంగతి ఏజెంటును అడిగి వ్రాయించుకొనుడు.

ఇట్లు కూడబెట్టుట మన సీమకు పరాయి విద్య కాదు. ఉదయగిరి వైపు కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొనుచునే సారాకు ఎదురునిలిచిరి. ఆ యుద్యమము నెల్లూరు జిల్లానిండ అలముకొని, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసెను. సారాకు పోయెడి ధనమునుండి దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపులక్ష్మి సంఘములు కట్టినవారును నెల్లూరు స్త్రీలే. ఆ తల్లుల మనుమరాండ్రు నేడు పెండ్లికూతుండ్రు. కావున సంఘముల నాయకురాండ్రకు నా ప్రత్యేక విన్నపము: మీ వీథికి కోడలు వచ్చిన నెలలోనే ఆమె యింటికి పోయి, అత్తగారి యెదుటనే సంఘములోనికి పిలువుడు. చదివింపులు చదివించు బంధువులకు మరియొకటి: మీ కవరులో సగమును వధువు చేతికి వేరుగా ఇచ్చి, ఇది మీ యిద్దరి ఆపద్ధనమని పదిమందిలో పలుకుడు, పదిమంది విన్న ధనమును షామియానా బాకీకి అడుగుటకు ఎవ్వరికిని నోరురాదు.