కొండ మీది పాట, కొండ కింది బడి

మొన్నటి ఆడికృత్తికకు తిరుత్తణి మెట్లెక్కుతూ ఒక భజన బృందం వెనుక నడిచాను. కావళ్లు మోస్తున్నవారు పాడుతున్నది తెలుగు పాట. ముందు నడుస్తున్న పదేళ్ల బాలుని చేతి పుస్తకంలో ఆ పాట తమిళ లిపిలో ఉంది. క, ఖ, గ, ఘ అన్నిటికీ తమిళంలో ఒకటే అక్షరం. ఆ లిపి తమిళానికి చక్కగా అమరింది గాని, తెలుగుకు చాలదు. బాలుడు 'గిరి'ని 'కిరి' అని పాడాడు. గిరి అంటే కొండ. కిరి అంటే పంది! దిద్దిన పెద్ద ఒక్కరూ లేరు.

"ఇంట్లో మాట ఉంది, గుడిలో పాట ఉంది, బడిలో కూడా ఎందుకండీ?" అని మనవారే నన్ను అడుగుతుంటారు. విని విని విసిగిపోయాను. వారికి హవాయి దీవుల సంగతి చెబుతాను. అక్కడి మూలవాసులకు మౌనాకియా పర్వతం పరమ పవిత్రం. 1896 నాటి చట్టం వారి భాషను బోధనామాధ్యమంగా తొలగించింది. పాట నిలిచింది, నృత్యం నిలిచింది, చూడవచ్చినవారు చప్పట్లూ కొట్టారు. ఇంటి మాట మాత్రం తరతరానికీ సన్నగిల్లింది. చివరకు 1984లో తామే శిశుపాఠశాల తెరిచారు. 1987లో ప్రభుత్వ బడులలోనికి ఆ భాష తిరిగి వచ్చింది. 2019లో ఆ పర్వతంపై భారీ టెలిస్కోపు కట్టరాదని దారికి అడ్డంగా నిలిచినవారిలో ఆ బడుల పిల్లలున్నారు. వారు తమ భాషలోనే స్తోత్రాలు పాడారు, అర్థం తెలిసి పాడారు.

మన సంగతేమిటి? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. మన ఇండ్లు ఉన్నచోటనే ఉన్నాయి. మనలను వలసవచ్చినవారనడం చరిత్రకు అపచారం. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయవలెనని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టమో, తమిళాన్ని తప్పనిసరి చేసి, మాతృభాషను నాల్గవ భాగంలో ఐచ్ఛికంగా కూర్చోబెట్టింది. అడిగేవాడు లేకుంటే ఐచ్ఛికం ఆగిపోతుంది. నా వృత్తి నేర్పిన పాఠమిది.

తమిళం వద్దని నేననను. న్యాయస్థానంలో నేనూ తమిళంలో వాదిస్తాను. ఈ స్వామిని అరుణగిరినాథులు తమిళంలో కీర్తించారు. ముత్తుస్వామి దీక్షితులు తమ తొలి కీర్తనను ఇక్కడనే సంస్కృతంలో పాడారని సంప్రదాయం. స్వామి ఏ భాషనూ ఐచ్ఛికమనలేదు.

తల్లిదండ్రులారా, బడిలో చేర్చేనాడే తెలుగు కావలెనని వ్రాతపూర్వకంగా అడగండి. నోటిమాట చెల్లదు. అర్జీ రెండు ప్రతులు తీసి, ఒకదానిపై అందినట్లు సంతకమూ ముద్రా వేయించుకోండి. వేయమంటే, ఆ తేదీ వ్రాసుకొని నా వద్దకు రండి.