మట్టిబొమ్మలోని మగవాడు

పెరూ దేశపు ఉత్తరతీరమున క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో వర్ధిల్లిన మోచే జాతివారి మట్టికూజాల చిత్రములను చూచి మా మిత్రుడొకడు మొగము త్రిప్పుకొనెను. వానిలో కొన్నిటికి పురుషాంగమే కొమ్ము. దానినుండియే పానీయము త్రాగవలెను. కొన్నిటిలో అస్థిపంజరమునకు సైతము పుంస్త్వము మిగిలియున్నది. లీమా నగరపు లార్కో ప్రదర్శనశాలలో వీనికి వేఱుగా నొక మందిరమే కలదు. వాన యెఱుగని ఆ యెడారిలో కాలువనీరే ప్రాణము. పాఱు నీటికిని, పురుషుని వీర్యమునకును, గతించిన పెద్దలకును ముడివెట్టి ఆ కుమ్మరులు వీనిని చేసిరని కొందఱు పండితుల మతము. అంత దూరమేల? మన గుడిమల్లములోని ప్రాచీనలింగము, మట్టిది కాక శిలయే యైనను, స్పష్టముగా పురుషాంగరూపమే గదా! దానికి నమస్కరించు చేతులతోనే మా మిత్రుడు ఈ చిత్రములను త్రోసివైచెను.

సంతానమున మగవానికిని పాలున్నదని చాటిన మట్టి అశ్లీలమా? ఆ పాలును దాచు మన గృహములు అశ్లీలములా? బిడ్డలు కలుగనిచో కోడలు గొడ్రాలు. కొడుకునకు అట్టి బిరుదము లేదు. ఇంచుమించు సగము జంటలలో పురుషుని లోపమును కారణమగునని వైద్యులు చెప్పుచుండ, ఆమెచేత రావిచెట్టునకు ప్రదక్షిణములు చేయింతురు. అతనికి వీర్యపరీక్ష యన్నచో వంశగౌరవ మడ్డువచ్చును.

బిడ్డలు చాలుననుకొన్నప్పుడును కోతకు ఒడ్డవలసిన దేహము స్త్రీదే. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్టణమున జరిగినది చదువరులు మఱచియుండరు. 2022 ఆగస్టు 25వ తేదీని అచ్చటి ప్రభుత్వాసుపత్రి శిబిరములో 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. కొలది దినములలోనే నలుగురు తల్లులు మరణించిరి. లోకులు వైద్యమును నిందించిరి, నిందింపవలసినదే. కాని ఆ ముప్పదినలుగురి భర్తలు ఆ బల్లమీద నేల పరుండలేదని యడిగినవారు మాకు కానరాలేదు.

వేసెక్టమీకి కడుపు కోయ బనిలేదు. ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి కొన్ని నిమిషములలో ముగింతురు. పుంస్త్వమునకు లోపము రాదు. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15-49 ఏండ్ల వివాహితలలో నూటికి 37.9 మంది తామే శస్త్రచికిత్స చేయించుకొనిరి. భర్తలు చేయించుకొన్నది నూటికి 0.3 మాత్రము. కష్టపడు మగవాడు నీరసించునని మన యత్తగార్లు వాదింతురు. (ఈ వాదమున మామగార్లు సాధారణముగా మౌనము వహింతురు.) నాట్లు వేయు కోడలికి, నీళ్లు మోయు కోడలికి బలముతో పనిలేదా?

మా మిత్రుని కిద్దఱు పిల్లలు. గత మాసముననే ఆయన భార్యను శిబిరమునకు పంపెను.