బడి సామాను కొనేముందు

పిల్లలూ!

జూన్ నెలలో బడులు తెరుస్తారు. పెనుకొండ పిల్లలు కొందరు హిందూపురం పోదామనీ, కొందరు ధర్మవరం పోదామనీ ఇంట్లో పోరుతుంటారు. రెండూళ్ళకూ రైలుంది, నిజమే. కాని అమ్మో నాన్నో ఆ రోజు పని మానుకొని మీ వెంట రావాలి. ఆ కూలి డబ్బు కూడా సామాను ధరలో కలిపి చూడండి! అందుకే ఒక్క ప్రయాణంలో పని ముగియాలి.

ముందు పాత నోటుబుక్కులు తీయండి. ఒక్కొక్కదానిలో 20 తెల్లకాగితాలు మిగిలాయనుకుందాం. అయిదింటిలో 100 కాగితాలు, అంటే 200 పుటలు. దబ్బనంతో కుట్టుకుంటే లెక్కల చిత్తుపుస్తకం సిద్ధం. ప్రభుత్వ బడిలో చదివేవారు అక్కడ ఇచ్చే సంచి, బూట్లు మళ్ళీ కొనకండి.

యూనిఫారానికి నూలుగుడ్డ తీసుకుంటే, దర్జీకి ఇచ్చేముందు నీళ్ళలో నానబెట్టి ఆరవేయండి. ఎందుకంటారా? మగ్గమెరిగిన ధర్మవరం పిల్లలు ఇట్టే చెబుతారు. నేసేటప్పుడు పడుగు దారాలను బిగలాగి ఉంచుతారు. గుడ్డ తడిస్తే ఆ బిగువు సడలి, గుడ్డ కురచవుతుంది. కుట్టించాక కురచైతే చొక్కా పట్టదు. మళ్ళీ బజారు, మళ్ళీ ఒక రోజు కూలి!

బూట్లు కొనాలంటే సాయంత్రం కొలత చూడండి. పగలంతా నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

ఇంకొక సంగతి. నోటుబుక్కుల మీద నూటికి 12 రూపాయలుండిన జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేశారు. పెన్సిళ్ళకూ, రబ్బర్లకూ కూడా లేదు. అంగడిలో బిల్లు అడిగి తీసుకొని, పన్ను గడిలో ఏమి వేశారో మీరే చదవండి.