కళ్ళు తిరిగే డబుల్ యాక్షన్!

డబుల్ యాక్షన్ సినిమా అంటే మనవాళ్ళకి ఎంత మోజో చెప్పనక్కర్లేదు. 1964లో 'రాముడు భీముడు' వస్తే, ఒకే తెరమీద ఇద్దరు రామారావుల్ని చూసి జనం మురిసిపోయారు. ఇలాంటి సినిమాల్లో మనకో సదుపాయం వుంటుంది. ఎవరు ఎవరో పాత్రలకి తెలియకపోయినా, బుగ్గమీది పుట్టుమచ్చ చూసి నేల టిక్కెట్టువాడు కూడా ఇట్టే చెప్పేస్తాడు.

పుట్టుమచ్చ లేని డబుల్ యాక్షన్ ఒకటుంది పాఠకులారా! దాన్ని నేను మొయినాబాద్ దగ్గర చిలుకూరు గుళ్ళో కళ్ళారా చూశాను.

2023 వేసవి. చేవెళ్ళలో కూరగాయలు పండించే మా మేనమామ, కోరిక తీరింది గనక బాలాజీకి 108 ప్రదక్షిణలు చేస్తానని బయల్దేరాడు. తోడు నేను. 70వ చుట్టు పూర్తయిందో లేదో, "అల్లుడా, కండ్లు తిరుగుతున్నయ్‌రా" అంటూ కూలబడ్డాడు. ఎండలో అన్నిసార్లు తిరిగితే కళ్ళు తిరగవా మరి! నిమ్మరసం తాగించాం. వాంతి చేసుకున్నాడు. కూర్చోబెడితే ఓ పక్కకి ఒరిగిపోతున్నాడు.

ఓ నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్ళాం. రక్తం తీశారు, సి.టి. స్కాన్ తీశారు, "చెవిలో తేడా, రెండ్రోజుల్లో తగ్గుతుంది" అని మాత్రలిచ్చి పంపేశారు. తెల్లారేసరికి మామకి మంచినీళ్ళు కూడా గుటక పడలేదు. ఊడలు దిగిన మర్రిచెట్ల మధ్య బీజాపూర్ రోడ్డు మీద పట్నానికి ఒకటే పరుగు. అక్కడ ఎమ్మారై తీసి అసలు సంగతి చెప్పారు. మెదడు వెనకభాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోయింది. స్ట్రోకు!

మాట తేరుకున్నాక మామ అడిగిన మొదటి ప్రశ్న: "నెత్తురు తీస్కున్నరు గదా అల్లుడా, అండ్ల ఎర్కగాలేదా?"

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని డాక్టర్ల చుట్టూ నేనూ కొన్ని ప్రదక్షిణలు చేశాను.

మనల్ని నిలబెట్టే తూకం లోపలి చెవిలో వుంటుంది. అక్కడ తేడా వచ్చినా, మెదడు వెనక రక్తం ఆగినా వేషం ఒకటే - కళ్ళు తిరగడం, వాంతులు. ఎక్కువమందిది చెవి గొడవే, ప్రాణభయం లేదు. రెండోవాడే అసలు విలన్! గుండెపోటుకైతే రక్తంలో ట్రోపోనిన్ అనే పుట్టుమచ్చ దొరికింది. మెదడుకీ అలాంటిది కావాలని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. మెదడు కణాలు దెబ్బతింటే జి.ఎఫ్.ఎ.పి., ఎస్-100-బి, ఎన్.ఎస్.ఇ. అనే ప్రోటీన్లు రక్తంలోకి జారతాయి. ఆశ బాగానే వుంది. కానీ మెదడు వెనక చిన్న దెబ్బకి జారేది కొంచెమే. చెవి రోగి అంకె, స్ట్రోకు రోగి అంకె ఒకదానిమీదొకటి పడుతున్నాయి. ఒక్క రక్తపరీక్షతో తేల్చిచెప్పే రోజు ఇంకా రాలేదు. సి.టి. స్కాన్‌కి కూడా ఆ మూల సరిగా కనపడదు.

మరి పుట్టుమచ్చ ఎక్కడ? కళ్ళల్లో! 2009లో అమెరికా డాక్టర్లు 101 మంది రోగుల్ని పరీక్షించి అచ్చువేశారు. ఆగకుండా కళ్ళు తిరుగుతున్న మనిషిని తమ ముక్కువైపు చూడమని, తలని చటుక్కున ఓ పక్కకి తిప్పుతారు. చెవి జబ్బయితే చూపు జారి, మళ్ళీ ఎగిరి వచ్చి నిలుస్తుంది. చూపు చెదరకుండా నిలిచిందా, అప్పుడే అనుమానించాలి! విలన్ మంచివాడిలా నటించడమంటే ఇదే. దీంతోపాటు కళ్ళు కొట్టుకునే తీరు, రెండు కళ్ళ ఎత్తు కూడా చూస్తారు. మొదటిసారి తీసిన ఎమ్మారై కొందరిలో పసిగట్టలేని స్ట్రోకుని ఈ చూపుల పరీక్ష పట్టేసింది. అయితే ఇది తర్ఫీదు పొందిన డాక్టరు చెయ్యాల్సిన పని. మీరూ నేనూ ఎవరి మెడా తిప్పకూడదు సుమా!

మనం చూడాల్సినవి వేరే వున్నాయి. హఠాత్తుగా కళ్ళు తిరిగిన మనిషి ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, నడవలేకపోయినా, మాట ముద్దయినా, ఒకటి రెండుగా కనిపించినా, గుటక పడకపోయినా నిమ్మరసం పక్కన పెట్టి టైము చూసుకోండి. గడ్డని కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఫోను తిప్పాల్సిన నంబరు 108. మామ మొక్కు అంకే! 2005 నుంచీ ఆ అంబులెన్సు మనకుంది. ఆ రోజు గుళ్ళో 70 దాకా లెక్కపెట్టిన నాకు ఆ అంకె గుర్తుకురాలేదు.

మామ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మొన్న వెళ్తే అన్నాడు: "ఇంక 38 ఉన్నయ్ అల్లుడా. బుజం ఇస్తవా?"

ఇస్తాను. ఈసారి లెక్క తప్పను.